పరిశోధన స్థాయిలో ఆధునిక ఐరోపా తత్వశాస్త్ర అధ్యయనం: సంఘ కాపరికి దానితో పనేమిటి?

ఉపోద్ఘాతం

బి.డి. ముగించుకుని, కొన్నేళ్లు సంఘ పరిచర్య చేసి, తిరిగి ఎం.టి.హెచ్.లో చేరిన విద్యార్థులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: “అయ్యగారూ, చదువైపోయాక మేము వెళ్లేది మళ్లీ ఆ పల్లె సంఘానికే గదా! అక్కడ కాంట్ పేరు విన్నవాడు ఒక్కడూ ఉండడు. మరి ఈ పుస్తకాలన్నీ మాకెందుకు?”

ఈ ప్రశ్నను మేము తేలికగా తీసుకోలేదు. దాని వెనుక రెండు సందేహాలు ఉన్నాయి. ఒకటి ప్రయోజనానికి సంబంధించింది: ఈ చదువు పరిచర్యకు పనికివస్తుందా? రెండవది పైకి చెప్పుకోలేని భయం: ఇది చదివితే మా విశ్వాసం నిలుస్తుందా? రెండవ సందేహానికి లేఖనాధారం చూపేవారు కూడా ఉన్నారు. కొలొస్సయులకు రాసిన పత్రిక 2:8లో అపొస్తలుడు తత్వజ్ఞానం విషయంలో హెచ్చరించాడు గదా అంటారు.

ఆ హెచ్చరికను జాగ్రత్తగా చదవాలి. అక్కడ పౌలు చెబుతున్నది చెరపట్టబడడం గురించి. తత్వజ్ఞానాన్ని తెలుసుకోవద్దని కాదు, దానికి బందీలు కావద్దని ఆయన భావం. ఆయనే ఏథెన్సులో ఎపికూరీయులతోను స్తోయికులతోను వాదించాడు (అపొ. 17:18). వారి మాట తెలియనివాడు వారితో వాదించలేడు. పైగా ఒక ఆలోచన మన తలలో ఎక్కడి నుండి వచ్చిందో తెలియనప్పుడే మనం దానికి సులభంగా చెరపడతాం. “మతం మనసుకు సంబంధించిన సొంత విషయం,” “సైన్సు రుజువు చేసిందే నిజం,” “దేవుడు మనిషి కల్పనే” వంటి మాటలు నేడు మన పల్లెల్లోని కళాశాల విద్యార్థుల నోట కూడా వినిపిస్తున్నాయి. ఆ మాటలకు ఊరూ పేరూ ఉన్నాయి, పుట్టిన తేదీలు కూడా ఉన్నాయి. కాంట్ పేరు పల్లెకు చేరకపోయినా ఆయన కాలం లేవనెత్తిన ప్రశ్నలు చేరాయి.

ఈ వ్యాసంలో మేము నాలుగు విషయాలను పరిశీలించదలచాం: ఆధునిక ఐరోపా తత్వశాస్త్రం నడిచిన దారి, దానిని పరిచర్యతో కలిపి చదవడానికి ఒక నమూనా, తెలుగులో ఆలోచించేవారికి ఎదురయ్యే భాషా సమస్యలు, పరిశోధన స్థాయిలో పాటించవలసిన అధ్యయన పద్ధతి.

1. నడిచిన దారి: స్థూల పరిచయం

ఆధునిక తత్వశాస్త్రాన్ని సాధారణంగా రెనే డెకార్ట్ (1596–1650)తో ప్రారంభిస్తారు. ఐరోపా ముప్పై సంవత్సరాల యుద్ధంలో (1618–1648) నలిగిపోతున్న కాలమది. ఆ యుద్ధానికి రాజకీయ కారణాలు ఎన్ని ఉన్నా, కథోలికులు, ప్రొటెస్టెంటులు పరస్పరం కత్తులు దూసుకున్న మాట నిజం. రెండు పక్షాలూ లేఖనాన్నే చూపుతుంటే నిశ్చయమైన సత్యం ఎక్కడ దొరుకుతుంది? డెకార్ట్ అన్నింటినీ సందేహించి, సందేహించే తన ఉనికిని మాత్రం సందేహించలేనని గ్రహించి, అక్కడి నుండి దేవుని ఉనికికి దారి వేయాలని చూశాడు. 1641లో ప్రచురించిన ‘మెడిటేషన్స్’ గ్రంథాన్ని పారిస్ దైవశాస్త్ర పండితులకు అంకితం చేశాడు. అయినా ఆయన మరణించిన తరువాత, 1663లో, రోమా సంఘం ఆయన రచనలను నిషిద్ధ గ్రంథాల పట్టికలో చేర్చింది.

బారూఖ్ స్పినోజా (1632–1677)ను 1656లో ఆమ్‌స్టర్‌డామ్ యూదు సమాజం వెలివేసింది. 1670లో పేరు లేకుండా వెలువడిన ఆయన గ్రంథం, లేఖనాలను వాటి భాష, రచయిత, కాలం, సందర్భం తెలుసుకుని చదవాలని వాదించింది. పాత నిబంధన తరగతిలో మనం నేర్చుకునే చారిత్రక విమర్శకు ఉన్న ముఖ్యమైన మూలాల్లో అది ఒకటి.

ఇంగ్లండులో జాన్ లాక్, ఐర్లండులో బిషప్ జార్జి బర్క్‌లీ, స్కాట్లండులో డేవిడ్ హ్యూమ్ (1711–1776) జ్ఞానానికి మూలం ఇంద్రియానుభవమని చెప్పారు. 1748లో హ్యూమ్ ప్రచురించిన గ్రంథంలో అద్భుతాలపై ఒక అధ్యాయం ఉంది. అద్భుతాలు జరగవని హ్యూమ్ రుజువు చేశాడని మన విద్యార్థులు పరీక్షల్లో రాస్తుంటారు. అది సరికాదు. ఆయన వాదన ప్రధానంగా సాక్ష్యం గురించి. ప్రకృతి నియమాలకు అనుకూలంగా ఉన్న అనుభవం ఎంతో బలమైనది. దానికి ఎదురు నిలిచే మానవ సాక్ష్యం ఆ బలాన్ని మించడం దాదాపు అసాధ్యం, అన్నది ఆయన మాటల సారాంశం. అబర్డీన్‌లో దైవసేవకుడు, కళాశాల ప్రధానాచార్యుడు అయిన జార్జి క్యాంప్‌బెల్ 1762లో దీనికి సమాధానంగా ఒక గ్రంథం రాశాడు. ఇతరుల సాక్ష్యాన్ని నమ్మడం మనిషికి అనుభవం నేర్పకముందే ఉన్న స్వభావమని, అనుభవం ఆ నమ్మకాన్ని సరిదిద్దుతుందే గాని పుట్టించదని ఆయన చూపాడు. ఇద్దరి మధ్య మర్యాద చెడలేదు. సాక్ష్య కూటాలు నిర్వహించే మన కాపరులు ఈ వాద ప్రతివాదాలు రెండింటినీ చదవాలి. సాక్ష్యాన్ని ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు పరీక్షించాలి అన్నది మన సంఘాల్లో ప్రతివారం ఎదురయ్యే ప్రశ్నే గదా!

ఇమ్మాన్యుయేల్ కాంట్ (1724–1804) కోనిగ్స్‌బర్గ్ పట్టణంలో, భక్తి ఉద్యమానికి చెందిన కుటుంబంలో పుట్టాడు. నేడు రష్యాలో ఉన్న ఆ పట్టణం పేరు కలినిన్‌గ్రాడ్. 1781లో మొదటి ముద్రణ, 1787లో సవరించిన రెండవ ముద్రణ పొందిన ‘శుద్ధ బుద్ధి విమర్శ’లో కాంట్ మన జ్ఞానానికి హద్దులు గీశాడు. దేశ కాలాలు మన గ్రహణ రూపాలు; కార్యకారణ సంబంధం వంటివి మన అవగాహన వస్తువులకు వర్తింపజేసే నియమాలు. వస్తువులు మనకు కనిపించే తీరు మనకు తెలుస్తుంది. అవి తమంతట తాము ఎలా ఉన్నాయో తెలియదు. కాబట్టి దేవుని ఉనికిని రుజువు చేసే మూడు సంప్రదాయ వాదనలూ నిలవవన్నాడు.

ఇక్కడే చాలామంది పుస్తకం మూసేస్తారు. తరువాతి మెట్టు చూడాలి. అదే హద్దు నాస్తికునికి కూడా వర్తిస్తుంది. దేవుడు లేడని రుజువు చేయడం కూడా మానవ బుద్ధికి మించిన పనే. ఆ తరువాత 1788లో, నైతిక జీవితం స్వేచ్ఛను, అమరత్వాన్ని, దేవుణ్ణి స్వీకరించమని మనలను కోరుతుందని కాంట్ వాదించాడు. విశ్వాసానికి చోటు మిగిలింది. కాని ఆ చోటు ఎంత? అక్కడ కృపకు, ప్రత్యక్షతకు, క్రీస్తుకు స్థానమెంత? 19వ శతాబ్దపు ప్రొటెస్టెంట్ దైవశాస్త్రంలో చాలా భాగం ఈ ప్రశ్నకు వెతికిన జవాబే.

ష్లయర్‌మాకర్ (1768–1834) ఆ చోటును బుద్ధిలోనో నీతిలోనో కాక దేవునిపై సంపూర్ణంగా ఆధారపడి ఉన్నామన్న అనుభూతిలో చూశాడు. ట్యూబింగెన్ వేదాంత పాఠశాలలో చదివిన హెగెల్ (1770–1831) కాంట్ గీసిన హద్దునే ప్రశ్నించి, దేవుని సత్యం చరిత్ర గమనంలో తనను తాను వెల్లడించుకుంటుందన్నాడు. డెన్మార్కులో కియర్కెగార్డ్ (1813–1855) హెగెల్ మహా వ్యవస్థలో ఒంటరిగా దేవుని ఎదుట నిలబడే వ్యక్తికి చోటు లేదని నిరసించాడు. 1843లో ప్రచురించిన ఒక గ్రంథంలో మోరీయా కొండ ఎక్కుతున్న అబ్రాహామును ఆయన పాఠకుల ముందు నిలిపాడు. ఇంతలో 1841లో ఫోయర్‌బాఖ్ వీరందరి మాటను తలక్రిందులు చేశాడు: మనిషి తన శ్రేష్ఠ గుణాలనే ఆకాశంలో చిత్రించుకుని దానికి దేవుడని పేరు పెట్టాడన్నాడు. లూథరన్ కాపరి కుమారుడైన నీషే (1844–1900) దేవుణ్ణి విడిచిన సమాజానికి ఆయన ఇచ్చిన నీతి మాత్రం ఎలా మిగులుతుందని నిలదీశాడు. కార్ల్ బార్త్ ఫోయర్‌బాఖ్‌ను తోసిపుచ్చలేదు. మానవానుభూతి మీద కట్టిన దైవశాస్త్రానికి ఆయన విమర్శ తగిన శాస్తి అని భావించి, దేవుని వాక్యం నుండి మళ్లీ మొదలుపెట్టాడు.

ఈ దారి తెలియకుండా బార్త్‌ను, బుల్ట్‌మన్‌ను, టిల్లిక్‌ను చదివే విద్యార్థి జవాబులను కంఠస్థం చేస్తాడు గాని అవి ఏ ప్రశ్నకు జవాబులో ఎరుగడు.

2. ఒక నమూనా అధ్యయనం: ఉపద్రవం, దేవుని న్యాయం, యోబు

తత్వశాస్త్రం సంఘ కాపరికి ఎలా ఉపయోగపడుతుందో ఒక ఉదాహరణతో చెప్పదలచాం. 1710లో లైబ్నిజ్ ఒక గ్రంథం ప్రచురిస్తూ, గ్రీకులో దేవుడు, న్యాయం అనే అర్థాలున్న రెండు మాటలను కలిపి ‘థియోడిసీ’ అనే పేరు సృష్టించాడు. లోకంలో కీడు ఉన్నా దేవుడు న్యాయవంతుడేనని సమర్థించడం దాని ఉద్దేశం. దేవుడు సృష్టించగలిగిన లోకాలన్నిటిలో ఇదే శ్రేష్ఠమైనదని లైబ్నిజ్ వాదించాడు.

1755 నవంబరు 1, సర్వ పరిశుద్ధుల పండుగ. ఉదయం పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో ప్రజలు ఆరాధనలో ఉండగా భూకంపం వచ్చింది. దాని వెంట సముద్రం పొంగింది, ఆపై మంటలు రేగాయి. వేలాదిమంది చనిపోయారు. దేవాలయాలు కూలి ఆరాధకుల మీదనే పడ్డాయి. ఇది దేవుని శిక్ష అని కొందరు బోధించారు. లైబ్నిజ్ శిష్యుల ఆశావాదాన్ని వోల్టేర్ మొదట ఒక పద్యంలోను, తరువాత 1759లో ‘కాందీద్’ అనే కథలోను ఎగతాళి చేశాడు. 1756లో రూసో వోల్టేర్‌కు ఉత్తరం రాస్తూ, అన్ని అంతస్తుల ఇళ్లను అంత ఇరుకుగా కట్టింది ప్రకృతి కాదు గదా అని గుర్తు చేశాడు. అదే ఏడాది యువకుడైన కాంట్ భూకంపాల సహజ కారణాలను వివరిస్తూ మూడు చిన్న వ్యాసాలు రాశాడు.

ఈ చర్చ మనకు దూరమైనది కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు వేల ప్రాణాలు పోయాయి. 2004 డిసెంబరు 26న సునామీ మన కోస్తా తీరాన్ని కూడా తాకింది. ఇటువంటి సమయాల్లో “ఇది పాపానికి శిక్ష” అనే ప్రసంగాలు, “దేవుడు మేలుకే చేశాడు” అనే ఓదార్పులు మన సంఘాల్లో వినబడుతూనే ఉంటాయి. మొదటిది లిస్బన్ బోధకుల మాట. రెండవది లైబ్నిజ్ వాదానికి పలచబడిన రూపం. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు కూర్చున్న కాపరి ఈ రెండింటిలో ఏది ఎంచుకోవాలి?

1791లో, అరవై ఏడేళ్ల వయసులో, కాంట్ ఈ ప్రశ్నకు తిరిగి వచ్చి ఒక చిన్న వ్యాసం రాశాడు. అందులో న్యాయస్థానంలో వలె దేవుని మీద మోపే అభియోగాలను మూడుగా విభజించాడు: పాపం ఉండడం దేవుని పరిశుద్ధతకు విరుద్ధమని, బాధ ఉండడం ఆయన మంచితనానికి విరుద్ధమని, దుష్టులు శిక్ష తప్పించుకోవడం ఆయన న్యాయానికి విరుద్ధమని. ఒక్కొక్క దానికి తత్వవేత్తలు చెప్పే సమర్థనలను పరీక్షించి, ఒక్కటీ నిలవదని తేల్చాడు. అయితే అభియోగాలు కూడా రుజువు కావన్నాడు. తీర్పు చెప్పేంత జ్ఞానం మనకు లేదు.

ఆ తరువాత ఆయన యోబు గ్రంథం తెరుస్తాడు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు దేవుణ్ణి సమర్థిస్తున్నారు. కాని వారు తమకు నిజంగా తెలిసినది చెప్పడం లేదు. బలవంతుడైన ప్రభువు చాటుగా వింటున్నాడేమోనని ఆయనకు ఇంపుగా ఉండే మాట చెబుతున్నారు. యోబు మాత్రం తన మనసులో ఉన్నదే పలికాడు. దేవుని పక్షాన అబద్ధం పలుకుతారా అని స్నేహితులను యోబు నిలదీసిన 13వ అధ్యాయాన్ని కాంట్ ప్రత్యేకంగా ఎత్తి చూపాడు. చివరికి దేవుడు ఎవరి పక్షాన తీర్పు చెప్పాడు? 42:7 చూడండి. సమర్థకులను గద్దించి, మొరపెట్టినవానినే అంగీకరించాడు.

మా అభిప్రాయంలో, దుఃఖించే ఇంటికి వెళ్లే కాపరికి ఈ వ్యాసం నుండి మూడు పాఠాలు దొరుకుతాయి. మొదటిది, దేవుణ్ణి సమర్థించాలన్న తొందరలో మనకు తెలియని కారణాలు కల్పించి చెప్పడం భక్తి కాదు. రెండవది, బాధపడేవాని మొర అవిశ్వాసం కాదు. మూడవది, “నాకు తెలియదు” అనడం కాపరికి అవమానం కాదు. రూసో మాటను కూడా మరువకూడదు. దివిసీమ ఉప్పెన తరువాత మన తీరం వెంబడి తుపాను రక్షణ భవనాలు లేచాయి. ఉపద్రవం ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు జవాబు దొరకకపోయినా, ఇంతమంది ఎందుకు చనిపోయారన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఉంటుంది. ఆ జవాబు సంఘానికి పని చెబుతుంది.

అయితే కాంట్ మాటే తుది మాట అని మేము అనడం లేదు. ఆయన దృష్టి యోబు నిజాయితీ మీద ఉంది. యోబు తన నీతిని విశ్వాసం మీద కాక విశ్వాసాన్ని నీతి మీద నిలిపాడని ఆయన వివరణ. బాధపడేవారితో దేవుడు సిలువలో పాలుపంచుకున్నాడన్న సువార్త సందేశం ఆ వాదనకు ఆధారం కాదు. ఆ లోటును 1972లో యుర్గెన్ మోల్ట్‌మన్ ‘సిలువ వేయబడిన దేవుడు’ అనే గ్రంథంలో పూరించడానికి ప్రయత్నించాడు. విమర్శతో చదవడమంటే ఇదే: రచయిత ఇచ్చినది కృతజ్ఞతతో పుచ్చుకోవాలి, ఇవ్వనిది గుర్తించాలి.

3. తెలుగులో ఆలోచించేవారి భాషా సమస్యలు

మన విద్యార్థులు జర్మను గ్రంథాలను ఇంగ్లీషులో చదివి, తెలుగులో అర్థం చేసుకుని, మళ్లీ ఇంగ్లీషులో పరిశోధన పత్రం రాస్తారు. ఈ ప్రయాణంలో అర్థం ఎక్కడో జారిపోతుంది. కొన్ని ఉదాహరణలు చూద్దాం.

డెకార్ట్, స్పినోజా, లైబ్నిజ్‌లను ‘హేతువాదులు’ అని రాసేవారున్నారు. తెలుగు నాట ఆ మాట వినగానే మతాన్ని, మూఢనమ్మకాలను ఖండించే ఉద్యమం గుర్తుకు వస్తుంది. కాని డెకార్ట్, లైబ్నిజ్ దేవుని ఉనికిని రుజువు చేయబూనినవారు. అందుచేత ‘బుద్ధివాదులు’ అనడం మేలని మా సూచన. అలాగే ‘అనుభవవాదం’ అన్నప్పుడు మన సంఘాల్లో వాడే ‘రక్షణానుభవం’ కాక కంటితో చూచి, చేతితో తాకి తెలుసుకునే అనుభవం అని స్పష్టం చేయాలి.

హెగెల్ వాడిన ‘గైస్ట్’ అనే మాట ఇంకా చిక్కైనది. ఇంగ్లీషు అనువాదకుల్లో బెయిలీ 1910లో దానిని మనస్సు అనే అర్థంతోను, మిల్లర్ 1977లో ఆత్మ అనే అర్థంతోను అనువదించారు. తెలుగులో ‘ఆత్మ’ అంటే క్రైస్తవ పాఠకునికి పరిశుద్ధాత్మ స్ఫురిస్తుంది, ఉపనిషత్తులు చదివినవారికి బ్రహ్మంతో ఏకమైన ఆత్మ స్ఫురిస్తుంది. హెగెల్ ఉద్దేశించినది ఈ రెండింటిలో ఏదీ పూర్తిగా కాదు. సమాజంలో, చరిత్రలో, సంస్థల్లో పనిచేసే చైతన్యం కూడా ఆ మాటలో ఇమిడి ఉంది. ఏ మాట వాడినా మొదటి పుటలోనే దాని అర్థాన్ని నిర్వచించాలి.

కొన్నిచోట్ల తెలుగు మనకు మేలు చేస్తుంది. జర్మనులో ‘గ్లౌబె’ అనే ఒకే మాట నమ్మకానికి, విశ్వాసానికి రెండింటికీ చెల్లుతుంది. “బస్సు వస్తుందని నా నమ్మకం” అంటాం గాని “నా విశ్వాసం” అని మామూలుగా అనం. ఆ తేడా మన చెవికి తెలుసు. కాంట్ జ్ఞానాన్ని పరిమితం చేసి చోటు కల్పించినది ఈ రెండింటిలో దేనికి అని తెలుగు విద్యార్థి అడగవచ్చు. అది ఒక మంచి పరిశోధనాంశం అవుతుంది. ష్లయర్‌మాకర్ చెప్పిన ‘గెఫ్యూల్’ను కూడా ‘భావోద్వేగం’ అంటే తప్పు, ‘అనుభూతి’ అంటే దగ్గరగా ఉంటుంది. కూటంలో కన్నీళ్లు రావడం గురించి కాదు ఆయన చెప్పింది. ఆలోచనకు, క్రియకు పునాదిగా మనలో ఉండే ఎరుక గురించి.

4. అధ్యయన పద్ధతి: కొన్ని సూచనలు

మొదటి సూచన: చరిత్ర గ్రంథాలతో ఆగిపోవద్దు. తత్వశాస్త్ర చరిత్రలు దారి చూపే పటాలు మాత్రమే. బుద్ధివాదులు, అనుభవవాదులు అనే విభజన కూడా తరువాతివారు సౌకర్యం కోసం స్థిరపరచిందే. ఒక సంవత్సరంలో ఒకే మూలగ్రంథం పట్టుకుని, రోజుకు నాలుగైదు పుటల చొప్పున చదవడం మేలు. కాంట్ పెద్ద గ్రంథం భయపెడితే పైన చెప్పిన 1791 వ్యాసంతో ప్రారంభించవచ్చు. హ్యూమ్ అయితే అద్భుతాల అధ్యాయం, కియర్కెగార్డ్ అయితే అబ్రాహాముపై రాసిన గ్రంథం మంచి ప్రవేశద్వారాలు.

రెండవది: పరిశోధన పత్రంలో ఉదహరించే పద్ధతి నేర్చుకోవాలి. ‘శుద్ధ బుద్ధి విమర్శ’ మొదటి ముద్రణ పుటలను ‘ఏ’ అక్షరంతోను, రెండవ ముద్రణ పుటలను ‘బి’ అక్షరంతోను సూచించడం ప్రపంచమంతటా వాడుక. బైబిలుకు అధ్యాయం, వచనం ఎలాగో దీనికి ఇది అలాగ. ఏ అనువాదం చదివినా ఈ సంఖ్యలు అంచున ఉన్న ప్రతినే సంపాదించాలి.

మూడవది: చదివిన ప్రతి భాగాన్ని సొంత తెలుగులో, పుస్తకం మూసి, పది వాక్యాల్లో రాయాలి. మెట్లు వేరు చేయాలి: ఆయన దేనిని అంగీకరించి మొదలుపెట్టాడు? దాని నుండి ఏమి రాబట్టాడు? ఏ మెట్టు బలహీనంగా ఉంది? తెలుగులో చెప్పలేకపోతే మనకు అది ఇంకా అర్థం కాలేదన్నమాట.

నాల్గవది: ఖండించడానికి ముందు, ఆ రచయితే ఉంటే ఒప్పుకునే విధంగా ఆయన వాదాన్ని వివరించాలి. ఫోయర్‌బాఖ్‌ను నాలుగు వాక్యాల్లో కొట్టివేసే విద్యార్థి, రేపు తన సంఘంలోని చదువుకున్న యువకుణ్ణి కూడా అలాగే కొట్టివేస్తాడు. ఆ యువకుడు మళ్లీ గుడి గడప తొక్కడు.

ఐదవది: సిద్ధాంత వ్యాసానికి అంశం ఇరుకుగా ఉండాలి. ‘కాంట్ తత్వం–క్రైస్తవ విశ్వాసం’ అనే అంశం మీద ఎవరూ మంచి వ్యాసం రాయలేరు. ‘1791 వ్యాసంలో యోబు స్నేహితుల చిత్రణ, కాపరి ఓదార్పుకు దాని అన్వయం’ అంటే రాయవచ్చు. వీలైతే జర్మను భాషను నిఘంటువు సాయంతో చదివేంతవరకైనా నేర్చుకోవాలి.

5. మనవారి ఉదాహరణలు

ఐరోపా తత్వశాస్త్రాన్ని చదివి తమ ప్రశ్నలను తాము అడిగినవారు మనలో లేకపోలేదు. తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ (1888–1975) మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఎ.జి. హాగ్ వంటి మిషనరీ ఆచార్యుల వద్ద తత్వశాస్త్రం చదివారు. వేదాంతంలో నీతికి చోటు లేదన్న విమర్శ ఆయన మనసును నొప్పించింది. 1908లో ఎం.ఏ. కోసం వేదాంత నీతిపై వ్యాసం రాసి, గురువులు నేర్పిన పరికరాలతోనే వారి విమర్శకు జవాబు చెప్పారు. మనం ఆయన నిర్ణయాలతో ఏకీభవించనవసరం లేదు. తన విశ్వాసంపై వచ్చిన విమర్శను దాచిపెట్టక, దానినే పరిశోధనాంశంగా చేసుకున్న తీరు మాత్రం మనకు ఆదర్శం.

తెలుగు క్రైస్తవుడు, న్యాయవాది పి. చెంచయ్య (1886–1959) మరొక ఉదాహరణ. 1938లో మద్రాసు నుండి వెలువడిన ‘రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా’ గ్రంథ రచయితల్లో ఆయన ఒకరు. క్రీస్తులో నూతన సృష్టి ప్రారంభమైందని బోధించిన చెంచయ్య, హెండ్రిక్ క్రేమర్ ధోరణిని, దాని వెనుక ఉన్న బార్త్ ఆలోచనను తీవ్రంగా విమర్శించారు. బార్త్ ఎవరికి జవాబు చెబుతున్నాడో తెలియకపోతే చెంచయ్య ఎందుకు విభేదించారో కూడా మనకు బోధపడదు. మన సొంత దైవశాస్త్ర వారసత్వాన్ని అర్థం చేసుకోవడానికి కూడా ఈ చదువు అవసరమని ఇందువలన తేలుతోంది.

6. విశ్వాస సంకటం గురించి ఒక మాట

మొదట చెప్పిన భయానికి తిరిగి వద్దాం. ఈ చదువులో కొందరి విశ్వాసం కదులుతుంది. దీనిని దాచడం నిజాయితీ కాదు. చిన్నప్పటి నుండి దేవుని ఉనికికి రుజువుగా విన్న వాదన ఒకటి కూలిపోతే, దానితోపాటు దేవుడే కూలిపోయినట్లు అనిపిస్తుంది. అటువంటి విద్యార్థికి మేము చెప్పేది ఇది: కూలిన వాదనకూ జీవముగల దేవునికీ తేడా ఉంది. మీ అమ్మగారు ఆ వాదన విని విశ్వసించలేదు, అది కూలినందువల్ల ప్రార్థన మానుకోరు కూడా. సందేహం వచ్చిన రోజున ఒంటరిగా ఉండవద్దు. గురువుతో మాట్లాడండి, తోటి విద్యార్థులతో కలిసి ప్రార్థించండి, ఆదివారం సంఘంలో కూర్చోండి. గురువులు కూడా సందేహం చెప్పుకున్న విద్యార్థిని అవిశ్వాసిగా ముద్ర వేయకూడదు. యోబు స్నేహితుల తప్పు అదే.

ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. చదివినదంతా ప్రసంగ వేదిక మీద కుమ్మరించవద్దు. కాంట్ పేరు పలకకుండానే కాంట్ నేర్పిన నిజాయితీతో ఓదార్చవచ్చు. ఫోయర్‌బాఖ్ పేరు ఎత్తకుండానే, మనం ఆరాధించేది మన కోరికల ప్రతిబింబాన్నా, సిలువ వేయబడిన క్రీస్తునా అని సంఘాన్ని అడగవచ్చు. సౌభాగ్య సువార్త ప్రబలుతున్న ఈ రోజుల్లో అది చాలా అవసరమైన ప్రశ్న.

ముగింపు

1793లో మతం గురించి కాంట్ ప్రచురించిన గ్రంథం ప్రష్యా రాజుకు ఆగ్రహం తెప్పించింది. 1794 అక్టోబరులో రాజాజ్ఞ వచ్చింది. మతంపై ఇక రాయనని కాంట్ మాటిచ్చి మౌనం వహించాడు. 1797లో రాజు మరణించాక తన మాట ఆయన జీవితకాలానికే అని భావించి, 1798లో విశ్వవిద్యాలయ శాఖల సంఘర్షణపై గ్రంథం వెలువరించాడు. తత్వశాస్త్రం దైవశాస్త్రానికి దాసి అని పెద్దలు అంటుంటారు. కాని ఆ దాసి యజమానురాలి వెనుక నడిచి చెంగు మోస్తుందా, ముందు నడిచి దీపం పడుతుందా అన్నది తేలలేదని అందులో ఆయన చమత్కరించాడు.

ఆ ప్రశ్నకు మేము జవాబు చెప్పబూనలేదు. దీపం ఎవరి చేతిలో ఉన్నా దారిలో ఉన్న గుంటలు కనబడతాయి. పల్లెకు తిరిగి వెళ్లే కాపరికి ఆ దారి రాత్రివేళ నడవవలసినదే. దుఃఖించే ఇంటి తలుపు తట్టేముందు యోబు స్నేహితుల తప్పు ఏమిటో తెలిసి ఉంటే, అతడు లోపలికి వెళ్లి కాసేపు మౌనంగా కూర్చోగలడు. ఎం.టి.హెచ్.లో రెండేళ్ల చదువు ఆ కాస్త మౌనాన్ని నేర్పినా అది వృథా కాదని మా నమ్మకం.